ఓబన్న గ్లాసు

“నాయనా, ఆ గ్లాసు తీసేసినావా, లేదా?”

కొత్తచెరువు దాటగానే కారు ఆపించి, దిగి దూరంగా వచ్చి సెల్‌ఫోనులో అడిగింది ఇంద్రాణి. కారులో జెనీవా నుంచి వచ్చిన మార్తా దొరసాని, వాన లేక మాడిన వేరుశెనగ చేలను ఫొటోలు తీసుకుంటోంది.

“ఏ గ్లాసు పాపా?”

“అదే, వాకిట గూట్లో ఓబన్నకని పెట్టిండేది!”

ఆరు నెలల కిందట జెనీవా మానవ హక్కుల సభలో, మన దేశం తరఫున లేచి, “మా ఇంట్లో ఎవరికీ వేరే గ్లాసు లేదు” అని బల్ల గుద్ది చెప్పింది ఇంద్రాణి. చప్పట్లు కొట్టిన మార్తా, ఆ ఇల్లు చూస్తానని ఇప్పుడు నిజంగానే ఊడిపడింది. గ్లాసు గానీ ఆవిడ కంటపడితే విదేశాంగ శాఖలో పన్నెండేళ్ల ఉద్యోగంలో సంపాదించుకున్న పరువు గంగలో కలిసినట్టే.

“నువ్వు చెప్పినాక పెడతానా? పొద్దున్నే పారేసినా,” అన్నాడు పుల్లన్న.

ఇంటికి చేరగానే ఇంద్రాణి చూపు గూటి మీదికే పోయింది. ఖాళీ. హమ్మయ్య అనుకుంది.

అంతలో చేని నుంచి పాలేరు ఓబన్న వచ్చాడు. అలవాటుగా గూట్లో తడిమాడు. గ్లాసు తగల్లేదు.

“సామీ, రవ్వన్ని నీళ్లు పోయండి,” అంటూ దోసిలి పట్టాడు.

మార్తా కెమెరా ఇటు తిరిగింది. ఇంద్రాణి గబుక్కున దానికి అడ్డం పోబోయింది. పుల్లన్న మాత్రం తొణకలేదు.

“ఏమప్పా ఓబన్నా, దోసిలెందుకు? యశోదా, లోపల్నుంచి గ్లాసు ఎత్తుకోని రా!”

యశోదమ్మ చేతికందిన స్టీలు గ్లాసు నిండా నీళ్లు తెచ్చి ఇచ్చింది. ఓబన్న బిత్తరపోయి, గటగటా తాగేశాడు. మార్తా ముచ్చటపడి నాలుగు ఫొటోలు తీసింది. ఇంద్రాణికి కళ్లు చెమర్చాయి. నాయనను అనవసరంగా అనుమానించానని సిగ్గుపడింది. సభలో ఆడిన అబద్ధం ఇవాళ్టికి నిజమైందని పొంగిపోయింది.

తిరిగి కారెక్కబోతూ చూస్తే, కడిగిన ఆ గ్లాసును తల్లి వాకిట గూట్లో బోర్లిస్తోంది.

“అమ్మా, అది ఆడెందుకు పెడతాండావు?”

“పాతది పారేయిస్తివి కదా పాపా! ఇంకమీదట ఓబన్నకు ఇదే,” అంది యశోదమ్మ తేలిగ్గా.

గ్లాసు మీద, బిడ్డ పుట్టినప్పుడు ముచ్చటపడి చెక్కించిన అక్షరాలు ఎండకు తళతళలాడుతున్నాయి: చి. ఇంద్రాణి.