వార్డెన్ గారి ఏలుబడి

కోట తెరవగానే వార్డెన్ గారికి ఒళ్లు మండిపోయింది. తన వంతెన లేదు.

కిందటిసారి పట్టుబట్టి కట్టించిన వంతెన అది. కందకం మీద, గొలుసులతో, మీట నొక్కితే పైకి లేచేది. ఇప్పుడక్కడ కందకం కూడా లేదు. గడ్డి మొలిచిన నేల మీద రెండు మేకలు తీరిగ్గా మేస్తున్నాయి.

అది కంప్యూటర్ ఆట. కొండను తొలిచి కట్టిన కోట, అందులో ఎనభై మంది బుల్లి మనుషులు. వాళ్ల తిండి, పని, కాపలా చూసే ఏలిక ఏడాదికొకరు. ముందు వార్డెన్ గారు, తర్వాత ఫిజియోథెరపీ చేసే మేనకోడలు, ఆ తర్వాత కళ్లజోళ్ల దుకాణం నడిపే తమ్ముడు. ఆటలో ఏడాది పూర్తవగానే కోట ఫైలును తర్వాతి వాళ్లకు పంపాలి. వాళ్లు అక్కణ్నుంచి అందుకోవాలి. వార్డెన్ గారికి ఇది నాలుగో వంతు. ఆయన పెట్టించిన రాయి ఒక్కటీ ఇంతవరకు కోటలో మిగల్లేదు.

ముప్పై ఏళ్లు హాస్టల్ నడిపి రిటైరైన మనిషి. ఆయన గంట కొడితే మూడు వందల మంది ఒకేసారి పళ్లు తోముకునేవారు. అలాంటివాడికి ఎనభై మంది ఒక లెక్కా? మొదటి వంతులోనే బుల్లి మనుషుల చేత తాగుడు మాన్పించారు. రెండో వంతులో మంచాలన్నీ ఒకే హాల్లో చేర్చి వరసగా నంబర్లు వేయించారు. పదకొండు మంది పని మానేసి ఏడుస్తూ కూర్చున్నారు. ఒకడు వంటగది తగలబెట్టాడు. కొత్తలో అలాగే ఉంటుందిలే, సర్దుకుంటారు అనుకుని, ఆ చిన్న సంగతి అప్పగింత ఉత్తరంలో రాయనేలేదు.

ఆయన ఫోన్ తీసి మేనకోడలికి కలిపారు.

“నా వంతెనేదే?”

“ఏ వంతె... ఆ, ఆ వంతెనా! మీరే కదా మావయ్యా, శత్రువులొస్తే వంతెన ఎత్తేయమని ఉత్తరంలో రాశారు. వచ్చారు. ఎత్తేశాను.”

“ఎత్తేయడమంటే పైకి లేపడమే! పీకి పారేయడం కాదు!”

“మొన్న మా క్లినిక్ పక్కన టీ కొట్టు ఎత్తేశారు. పైకి లేపినట్టా మావయ్యా?”

వార్డెన్ గారు భాష మీద పట్టున్న మనిషి కావడంతో, పాపం, తప్పు తనదేనని ఒప్పుకోవలసి వచ్చింది.

“మరి కందకం?”

“వంతెనే లేనప్పుడు కందకమెందుకని పూడ్చేశాను.”

తర్వాత ఫోన్లో తమ్ముడి వంతు.

“కిందటిసారి మళ్లీ కట్టించిన మంచాల హాలేమైందిరా?”

“కొండచరియ విరిగిపడింది అన్నయ్యా.”

“నంబర్లు?”

“సరిగ్గా వాటి మీదే పడింది.”

“అదలా ఉంచు. కోటలో సంవత్సరం లెక్క కూడా నేను పంపినప్పటికంటే వెనకబడి ఉందేమిటి?”

తమ్ముడు కాసేపు దగ్గాడు. “కొండ లోపల బతుకు కదా అన్నయ్యా. పొద్దు కనబడదు. లెక్క తప్పుతుంది.”

ఇంత చేతకాని వాళ్ల మధ్య తనొక్కడే ఎలా పుట్టాడో వార్డెన్ గారికి అంతుపట్టలేదు.

పైకి ఎగిరిపడ్డారే గాని ఆయనకు కోపం కన్నా బాధే ఎక్కువ. హాస్టల్లో ఆయన స్థానంలోకి వచ్చినవాడు వారం తిరక్కుండానే గంట తీయించేశాడు. తను పెట్టిన ఒక్క పద్ధతీ అక్కడ లేదు. కనీసం ఈ బొమ్మల కోటలోనైనా తను కట్టింది ఏదో ఒకటి నిలబడాలి. ఒక్క గోడైనా చాలు.

ఈసారి పది రోజులు పట్టుగా కూర్చున్నారు. కోట చుట్టూ మూడు వరసల గోడ లేపారు. కందకం తవ్వించి, వంతెన మళ్లీ కట్టించారు. మూలమూలనా గంట పెట్టించారు. పొద్దున్నే హాజరు, భోజనానికి వరస, మాట్లాడితే గోడ పని. దిగులుతో కుప్పకూలిన ఇరవై మందికి మరింత గోడ పని.

ఆఖరున తొమ్మిది పేజీల అప్పగింత ఉత్తరం రాశారు. ‘ఎత్తేయండి’ అన్న మాట జోలికే పోలేదు. ‘వంతెనను మీట సాయంతో నిలువుగా నిలబెట్టి, ఆ విధముగానే ఉంచవలెను’ అని రాసి కింద రెండు గీతలు గీశారు. కంప్యూటర్లో ‘పంపు’ అన్నచోట నొక్కారు. ఉత్తరాన్ని ఫోటోలు తీసి ఫోన్లో ఇంటివాళ్ల గ్రూపులో పెట్టారు. భోంచేసి ఓ కునుకు తీశారు.

ఫోన్ మోగి మెలకువొచ్చింది.

“మావయ్యా, కోట అందింది! గంట నుంచీ మీ కోటలోనే ఉన్నాను. అబ్బ, ఏం గోడ కట్టారండీ!”

“వంతెన?” అన్నారు వార్డెన్ గారు.

“భలేగా ఉంది. ఇప్పుడే ఒకసారి పైకి లేపి దించాను. ఈసారి చచ్చినా పీకను. చిన్న మావయ్య కూడా ఇక్కడే ఉన్నారు, మాట్లాడండి.”

“చూశాను అన్నయ్యా,” అన్నాడు తమ్ముడు. “నీ చెయ్యి పడితే అంతే. నా వంతు వచ్చినా ఒక్క రాయి కదల్చను. ఒట్టు.”

వార్డెన్ గారు సరేరా, సరేరా అని మాత్రం అనగలిగి, ఫోన్ పెట్టేసి కళ్లు తుడుచుకున్నారు. ఇన్నాళ్లకు తన మాట ఒకచోట నిలిచింది. ఆ గోడను ఇంకొక్కసారి కళ్లారా చూసుకుందామని గదిలోకి వెళ్లి కంప్యూటర్ ముందు కూర్చున్నారు.

నాలుగు శాతం దగ్గరే ఆగిపోయిన కోట ఫైలు, ‘ఇంటర్నెట్ లేదు, మళ్లీ పంపమంటారా?’ అని తెర మీద వినయంగా అడుగుతోంది.