మేడ మీది సరంగు

“దెయ్యం ఉంటే మీకొచ్చిన నష్టమేంటమ్మా?” అన్నాడు పర్యాటక సంఘం అధ్యక్షుడు, కొత్త కరపత్రాన్ని బల్ల మీద ఆమె వైపు జరుపుతూ.

కరపత్రం మీద ఆమె లాడ్జి ఫొటో ఉంది. మేడ మీది గది కిటికీకి మాత్రం ఎవరో నీలం రంగు పులిమారు. కింద పెద్ద అక్షరాల్లో ‘మేడ మీది సరంగు: వినే ధైర్యం మీకుందా?’ అని రాసి ఉంది. ఆమె దాన్ని ముట్టుకోలేదు. మందుల షాపు నుంచి తిన్నగా మీటింగుకే వచ్చింది. ఒళ్ళోని చేతిసంచిని రెండు చేతులా పట్టుకుని కూర్చుంది.

ఆ సరంగు ఆమె భర్త. ఊరి సరస్సులో లాంచీ నడిపేవాడు. పోయిన గాలివానల్లో లాంచీ తిరగబడినప్పుడు మునిగినవాళ్ళందరి శవాలూ దొరికాయి, ఆయనది తప్ప. ఆ తర్వాత జనం ఊరికి రావడం మానేశారు. అంతవరకూ ‘ప్రశాంతతకు మా ఊరే చిరునామా’ అని ఊదరగొట్టిన అధ్యక్షుడు, ప్రశాంతత మరీ ఎక్కువైపోయేసరికి కొత్త దారి వెతికాడు. లాడ్జిలో దిగినవాళ్ళెవరో మేడ మీద అడుగుల చప్పుడు విన్నామన్నారు. ఆయనకి లంకెబిందెలు దొరికినట్టయింది.

ఇప్పుడు బస్సుల నిండా వస్తున్నారు. లాడ్జి ముందు నిలబడి ఫొటోలు తీసుకుని, కొండ మీద అధ్యక్షుడిగారి హోటలుకి పోయి పడుకుంటున్నారు. ఊళ్ళో టీ చుక్క తాగరు, ఓ బొమ్మ కొనరు. పిల్లలున్న కుటుంబాలైతే ఇటు తొంగిచూడడమే లేదు. ఈయన ప్రచారం పుణ్యమా అని ఊరు కాస్తా శ్మశానమైందని దుకాణదారులు లోలోపల కుతకుతలాడుతున్నారు.

అధ్యక్షుడు అక్కడితో ఆగితే బావుండేది. కెమెరాలతో దెయ్యాల్ని వెతికే బృందం ఒకటి రేపు వస్తోందనీ, ఆ గదిలోనే పడుకుంటుందనీ, తాళంచెవి సంఘానికి ఇవ్వాలనీ చెప్పాడు.

“ఆ గది తెరవను,” అంది ఆమె. “దూలం పుచ్చిపోయింది. ఎవరి నెత్తినైనా పడితే?”

“పడదులెండి. అడుగులే కాదు, దగ్గు కూడా వినిపిస్తోందట. ఇలాంటి ఆకర్షణ ఏ ఊరికుంది చెప్పండి?”

“అన్ని నీళ్ళు మింగినవాడు దగ్గడా మరి,” అని వెనక బెంచీలోంచి ఎవరో గొణిగారు. ఒకరిద్దరు కిసుక్కుమన్నారు. ఆమె సంచిని ఇంకాస్త దగ్గరికి లాక్కుంది.

కంటినిండా నిద్రపోయి ఆమెకి చాలాకాలమైంది. ఆ అడుగులు ఆమెకీ వినిపిస్తాయి. ఈ గోడ నుంచి ఆ గోడకి, మళ్ళీ వెనక్కి. అవి వినపడితే గుండె దడ, వినపడకపోతే అంతకన్నా దడ. ఆ మాట ఎవరితో చెప్పుకుంటుంది? రేపు ఆ తలుపు తెరుచుకుంటే మాత్రం తాను బతకలేదు. అది ఆమెకి బాగా తెలుసు.

అప్పుడు టిక్కెట్లాయన లేచాడు. రేవులో లాంచీ టిక్కెట్లిచ్చే మనిషి. నోట్లో నాలుక లేనివాడని పేరు. ఆ రోజు లాంచీలో ఆయన భార్య కూడా ఉంది. భార్య శవాన్ని రేవు మెట్ల దగ్గర గుర్తుపట్టింది ఆయనే.

“ఆ వేళ గాలి చూసి సరంగన్న వద్దన్నాడు,” అన్నాడు అధ్యక్షుడి మొహంలోకి చూస్తూ. “బయల్దేరాల్సిందేనని ఫోన్ చేసింది మీరు. అప్పుడోసారి ముంచారు ఆయన్ని. ఇప్పుడు రోజూ ముంచుతున్నారు.”

ఆ మాటతో హాలు పొంగింది. ఇన్నాళ్ళూ కుతకుతలాడిన వాళ్ళందరికీ ఒక్కసారే నోళ్ళు లేచాయి. చేతులెత్తమంటే అధ్యక్షుడి తరఫున ఆయన బావమరిది చెయ్యి ఒక్కటే లేచింది, అదీ సగందాకా. కరపత్రాలు ఆపేయాలనీ, రేపటి బృందాన్ని రావద్దని చెప్పాలనీ, అధ్యక్షుడు దిగిపోవాలనీ తేల్చేశారు. ఆయన మొహం గంటు పెట్టుకుని వెళ్ళిపోయాడు.

టిక్కెట్లాయన ఆమెని ఇంటిదాకా దిగబెట్టాడు. సంచి నేను పట్టుకుంటానంటే ఆమె ఇవ్వలేదు. సరస్సు మీద మసక చీకటి పరుచుకుంటోంది.

“ఒక మాట వదినా,” అన్నాడు లాడ్జి గుమ్మం ముందు ఆగి. “అన్నయ్య లాంటి గజ ఈతగాడు మునగడమేంటని అందరూ అంటారు. నాకు తెలుసు. మా ఆవిడని వదిలి రాలేకే మునిగిపోయాడు. ఆ నమ్మకంతోనే బతుకుతున్నాను.”

ఆమె తల ఊపబోయి, ఊపలేకపోయింది.

ఆయన మేడ వైపు చూశాడు. “నిజంగానే ఆ అడుగులుంటే ఎంత బావుణ్ణు. మా ఆవిడవీ వినపడేవేమో. సరే, వస్తా వదినా.”

ఆయన సందు తిరిగేదాకా ఆమె గుమ్మంలోనే నిలబడింది. తర్వాత తలుపేసి, దానికి వీపు ఆనించి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. గెలిచినందుకు కాదు. ఊరంతా తన వైపు నిలబడింది, ఆ బరువే మోయలేకపోతోంది.

కళ్ళు తుడుచుకుంది. దీపం వెయ్యకుండానే, కిర్రుమనే మెట్టు దాటుకుంటూ మేడ ఎక్కింది. బయటి తాళం తీసి, సంచిలోంచి సీసా చేతిలోకి తీసుకుని, తలుపు మీద గోటితో మెల్లగా తట్టింది.

“ఏమండీ, దగ్గు మందు తెచ్చాను, గడియ తీయండి.”