దిబ్బ వెనక యుద్ధం

“ఇది కూరా, గోడకి కొట్టే సున్నమా?” అంటూ గైడు కంచం తోసేశాడు.

భార్య చేత్తో మొహం కప్పుకుని అటు తిరిగింది. భుజాలు అదురుతున్నాయి. చాలదేమోనని గుమ్మం దాటుతూ ఇంకో పుల్ల ఎగదోశాడు. “అచ్చం మీ అన్నయ్య మాటల్లాగే, ఉప్పూ లేదు కారమూ లేదు!”

ఏం చేస్తాడు పాపం, బతుకుతెరువు! ఆ పాత యుద్ధభూమికి వచ్చేవాళ్ళకు కావలసింది చరిత్ర కాదు, దయ్యాలు. సాయంత్రం ఈల ఊది అందరినీ దిబ్బ మీద నిలబెట్టగానే గాలిలో కత్తులు ఖణేల్‌మనేవి, డాళ్ళు దొర్లేవి. చచ్చిన సైనికులు ఇంకా కొట్టుకుంటున్నారని జనం గుండెలు చిక్కబట్టుకునేవారు. దిబ్బ వెనకే తన ఇల్లుందనీ, పొద్దున రాజేసిన కోపం సాయంత్రానికి గిన్నెల మీదికి దిగుతుందనీ గైడు ఒక్కడికే తెలుసు. అంత కోపంలోనూ ఆవిడ విసిరేవి సొట్టగిన్నెలే, కొత్తవాటి జోలికి పోదు. పొదుపరి ఇల్లాలని లోలోపల మురిసిపోయేవాడు.

ఒకరోజు, ఆ దయ్యాల సంగతేమిటో చూడ్డానికి మర్నాడు పెద్దాఫీసరు వస్తున్నాడని కబురొచ్చింది. దయ్యాలు పలక్కపోతే ఉద్యోగం ఊడినట్టే. ఆ బెంగ రాత్రే భార్యకు చెప్పుకున్నాడు.

తెల్లారి, ఇవాళ గట్టిగా తిట్టాలని నోరు తెరిచాడు. ఆవిడ ఇస్త్రీ చొక్కా తెచ్చి, తానే బొత్తాలు పెట్టి, “భయపడకండి, అంతా మంచే జరుగుతుంది” అంది.

తెరిచిన నోరు మూతపడింది. ఇలాంటి మనిషినా ఇన్నాళ్ళూ ఏడిపించానని కళ్ళు చెమర్చాయి. “కూర అమృతంలా ఉందే” అనేసి, ఉద్యోగం మీద ఆశ వదులుకుని బయల్దేరాడు.

సాయంత్రం ఆఫీసరును దిబ్బ ఎక్కించి ఈల ఊదాడు.

“ఏవయ్యా నీ దయ్యాలు?” అన్నాడు ఆఫీసరు వెటకారంగా.

మాట పూర్తి కాలేదు, ఖణేల్! ఆ వెంటనే మునుపెన్నడూ లేని గుర్రపు డెక్కలు టకటకమని దౌడు తీశాయి. ఆఫీసరు గైడు వెనక నక్కాడు.

“చాల్చాలు! నీ ఉద్యోగానికి ఢోకా లేదు, ముందిక్కణ్ణుంచి పోదాం పదవయ్యా బాబూ!”

గైడు ఒక్క పరుగున ఇంటికొచ్చాడు. వంటింటి నిండా సొట్టగిన్నెలు. భార్య చేతిలో రెండు చెక్క గరిటెలు. నుదుటి చెమట తుడుచుకుంటోంది.

“పొద్దున నేనేమీ అనలేదే! మరి ఇంత కోపం ఎందుకొచ్చిందే?”

ఆవిడ కిసుక్కున నవ్వింది.

“కోపమేమిటండీ, మీరు ఈల ఊదారుగా!”