కోడిపిన్ని రెక్క కింద

గడ్డివాము చాటున చుక్కి అనే కుక్క తొలికాన్పులో నాలుగు పిల్లల్ని పెట్టింది. మూడు పిల్లలు పొట్టకు అంటుకుని పాలు చీకుతున్నాయి. నాలుగోది మాత్రం చల్లబడి కదలకుండా పడి ఉంది. చుక్కి మూతితో ఎంత నెట్టినా అది లేవలేదు.

చూడవచ్చిన మేక, "నా పాలు దాని నోట్లో పొయ్యవే, అదే లేస్తుంది," అంది.

బాతు అడ్డుపడింది. "ముందు చెరువులో ఓ ముంచు ముంచు, మత్తు వదులుతుంది!"

నిజమే కాబోలనుకుని చుక్కి పిల్లను నోట కరుచుకుని చెరువువైపు కదిలింది.

పక్కనే గంపలో గుడ్లు పొదుగుతున్న కోడిపిన్ని గయ్యిమంది. "ఆగవే పిచ్చిదానా! చలికి బిగుసుకుపోయిన పిల్లకు పాలైనా అరగవు. ముందు దానికి వెచ్చదనం కావాలి. ఇలా తే!"

రెక్క ఎత్తి పిల్లను గుడ్ల మధ్యకు లాక్కుంది. చుక్కి గంప చుట్టూ కుయ్‌కుయ్‌మంటూ తిరిగింది. చాలాసేపటికి కోడిపిన్ని ఉలిక్కిపడింది.

"ఓసి నీ బిడ్డ బంగారంగానూ! నా ఈకలు చీకుతోందే! ఆకలి పుట్టింది, తీసుకుపో."

చుక్కి పిల్లను పాలు బాగా దిగే చన్ను దగ్గర పెట్టి, ఒళ్లంతా నాకింది. అది చప్పుడు చేస్తూ తాగింది.

సాయంత్రం బాతు మళ్లీ వచ్చింది. "ఇప్పుడైనా ఓ ముంచు..."

పుట్టి బుద్ధెరిగి ఎవర్నీ కసరని చుక్కి, పళ్లన్నీ బయటపెట్టింది. బాతు వెనక్కి చూడకుండా చెరువు అవతలి గట్టుదాకా ఈదింది.