నూనె ట్యాంకులో ఇద్దరు

తుప్పు గోకుతుండగానే పైన గుండ్రటి వెలుతురు మాయమైంది.

"మూసేసినారే!" అన్నాడు ఏకాంబరం. భార్యతో మాట్లాడి ఆరు నెలలైంది. ఇప్పుడూ ఆమెతో అనలేదు, ఇనుముతో అన్నాడు.

కుప్పమ్మ బ్యాటరీ లైటు వెలిగించింది.

నగరి స్టేషను పక్కన మూలపడ్డ పాత కిరసనాయిలు వ్యాగన్‌ను ఊరివాళ్లు పదిమంది కలిసి బాగుచేస్తున్నారు. వాళ్లకు పెద్ద దయానంద్ మాస్టారు. ఈ రోజు ట్యాంకు లోపలి పనికి ఆయన జత చేసింది ఈ మొగుడూ పెళ్లాలనే.

బయటి నిచ్చెన కింద చెప్పులుంటే లోపల మనుషులున్నట్టు. లేకపోతే పైన మూసేయొచ్చు. అది అక్కడి కట్టుబాటు. మొగుడి చెప్పుల పక్కన విడవడం ఇష్టంలేక కుప్పమ్మ తనవి షెడ్డు దగ్గరే వదిలింది. ఆమెవి పక్కన చేరతాయేమోనని ఏకాంబరం తనవి పట్టాల అవతల వదిలి, కంకర మీద ఒట్టికాళ్లతో నడిచొచ్చాడు. నిచ్చెన కింద ఏ జతా లేదు. వాన మొదలవగానే ఎవరో కప్పేసి పోయారు.

"మూడింటి తిరుపతి బస్సుకు పోవాల నేను," అంది కుప్పమ్మ గోడకేసి చూస్తూ.

చంద్రగిరిలో చెల్లెలింటికి. ఇక తిరిగి రానని వీధంతా చెప్పింది. సంచి సర్దేసింది. ఒప్పుకున్న పని ముగించి పోదామని వచ్చింది. అప్పటికి రెండు దాటింది.

ఏకాంబరం లోపలి ఇనుప మెట్లెక్కాడు. పైన చెయ్యి ఆనించి కాసేపు నిలబడ్డాడు. దిగాడు.

"కదల్లేదు. బిగుసుకోనుండాది."

"నీ చేతుల్లో బలం యాడుండాది? తప్పుకో."

ఆమె ఎక్కింది. తడిమింది. ఆమె కూడా కాసేపు నిలబడింది. దిగేటప్పుడు ఆయన వైపు చూడలేదు.

"అవును. బిగుసుకోనుండాది."

"అరుస్తామా?"

"ఈ వానలో ఎవురికి వినపడతాది?"

ఇద్దరూ చెరో మూల కూర్చున్నారు. ఉక్క. తుప్పు వాసన. జాకెట్టు వీపుకు అతుక్కుపోయింది. ఎటు కాలు చాపినా ఇనుమే తగులుతోంది. లైటు మసకబారింది.

"నా మగ్గం అమ్మేముందు ఒక్క మాట అడగాలనిపించలేదా నీకు?"

ఏకాంబరం అరచేతుల తుప్పు దులుపుకున్నాడు. "అడిగితే వద్దంటావు."

"అంటాను. ముప్పై ఏండ్లు నేసినాను దాని మింద."

"రాత్రుల్లో నీ మోకాళ్ల నొప్పికి నువ్వు మూలగతా ఉంటే వినలేకపోయినాను."

"ఆ మాటే నాకు చెప్పుండచ్చు గదా?"

"చెప్పడం నాకెప్పుడు చాతనైంది?"

"ఆర్నెల్లు చప్పటి కూర ఏసినా తింటివే, రవ్వంత ఉప్పెయ్యమని అడగలేకపోతివా?"

"అడిగితే నువ్వు గెలిచినట్టు గదా!"

ఆమెకు నవ్వాగలేదు. ట్యాంకంతా నవ్వింది.

రోడ్డు మీద బస్సు హారన్ వినిపించింది. ఆమె తలెత్తింది. ఆయన ఊపిరి బిగబట్టాడు. చప్పుడు దూరమైపోయింది.

"పాయె," అంది.

"ఇంగొకటి ఉండాదా?"

"అయిదింటికి."

"అప్పటికీ ఎవురూ తియ్యకపోతే?"

కుప్పమ్మ లైటు ఆర్పేసి, మోకాళ్లు పట్టుకుని ఆయన పక్కకు జరిగింది.

వాన వెలిశాక ఒక్కసారిగా వెలుతురు పడింది. దయానంద్ మాస్టారి తల కనిపించింది.

"అయ్యో, మీరు లోపలుండారా! ఇంతసేపూ ఎట్లుంటిరప్పా?"

ట్యాంకు ఇనుప మూత వెల్డింగుకని చిత్తూరుకు పోయి రెండు రోజులైంది. మాస్టారి చేతిలో నీళ్లోడుతున్నది, వాన పడకుండా ఎవరో పైన పరిచిన పాత ఫ్లెక్సీ.