తలో ఊళ్లో ఒకటి

“ఒకే ఊళ్లో రెండు పెట్టొద్దు నాయనా,” అంది పార్వతమ్మ. “ఒకటి దాచినోడికి ఇంకోటి ఎక్కడుందో తెలవకూడదు.”

మక్బూల్ తలాడించాడు. మాచర్లలోని అతని స్టూడియో చీకటి గదిలో ఫొటోలు ఇంకా తడారలేదు.

పంచాయతీ ఎన్నికలకు నామినేషన్ వేసి బయటికొస్తున్న హనుమయ్యను వెల్దుర్తిలో పట్టపగలు నరికేశారు. ఫొటోలకని వెళ్లిన మక్బూల్ బటన్ నొక్కాడు. ఎత్తిన గొడ్డలీ, ఎత్తినవాడి ముఖమూ స్పష్టంగా పడ్డాయి. ఊళ్లో పెత్తనం చేసే నాగభూషణరావు కొడుకని ఊరంతా గుసగుసలే, సాక్ష్యానికి మాత్రం ఒక్కరూ రాలేదు. పోలీసులకిచ్చిన ఫొటో మాయమైంది. ఆ సంగతి పొక్కాక, ముసుగేసుకుని ఈమె వచ్చింది.

“హనుమయ్య నీకేమవుతాడు పెద్దమ్మా?”

“నా చేతి ముద్ద తిని పెరిగాడు.”

మక్బూల్ తడి ఫొటోలను తీగకు తగిలించాడు. “ఒకటి గురజాలలో కాంపౌండర్ అంతోనికిస్తా. ఇంకోటి కృష్ణ అవతల, మిర్యాలగూడెంలో మా చెల్లెలికి.”

“మరి నెగెటివ్?”

“నా దగ్గరే.”

“ఏంది నువ్వనేది! ముందు తగలబెట్టేది నీ కొట్టునే. నర్సరావుపేటలో ఇందిరమ్మని టీచరుంది, ఆమె దగ్గర దాస్తా. కోర్టు అక్కడికి దగ్గర. రెండు పోయినా ఒకటి మిగలాలి.”

“ఇంకోటి కడుగుతా, నీ ఇంట్లో పెట్టుకో.”

“నా ఇంట్లో వద్దు. అసలే వద్దు,” అంది గట్టిగా. ఆమె కళ్లలో చుక్క నీళ్లు లేవు. కడుపుకోత మనిషిని ఎండగట్టేసిందనుకున్నాడు మక్బూల్.

ఆమె భయపడ్డట్టే అయింది. కొద్దిరోజులకే స్టూడియో బూడిదైంది. అంతోనిని చావగొట్టి ఫొటో లాక్కున్నారు. మిగతావి ఎక్కడని ఎంత హింసించినా అతను చెప్పలేకపోయాడు, తెలిస్తే కదా! ఆ కబురు విని, మిర్యాలగూడెంలో మక్బూల్ చెల్లెలి భర్త భయపడి తమ దగ్గరున్నది పొయ్యిలో పడేశాడు.

“చానా భయంగా ఉంది పెద్దమ్మా. వదిలేద్దాం,” అన్నాడు మక్బూల్, ఆమె మళ్లీ వచ్చినప్పుడు.

“నీ పెళ్లాం బిడ్డల్ని పుట్టింటికి పంపు. నువ్వు మాత్రం కోర్టుకు రా,” అంది ఆమె. “నువ్వు కూడా రాకపోతే ఆ పిల్లోడు ఊరికే చచ్చినట్టే.”

మక్బూల్ వెళ్లాడు. కోర్టు వరండాలో పార్వతమ్మ కొంగు ముడి విప్పి నెగెటివ్ అతని చేతిలో పెట్టింది.

“నరికింది ఇతనేనా?” అడిగారు జడ్జిగారు.

మక్బూల్ బోను వైపు తిరిగాడు. “ఇతనే సార్.”

ముద్దాయి అతన్ని చూడనేలేదు. చివరి బల్ల మీద ముసుగు తీసి కూర్చున్న పార్వతమ్మనే చూస్తున్నాడు.

“అమ్మా, నువ్వా?” అన్నాడు నాగభూషణరావు కొడుకు.