ఏటి ఒడ్డు సాక్ష్యం

“ఆ మాటలు నావి కావు, కెజయా.”

ఆపిల్ పండు తొక్క తీస్తున్న కత్తి ఆగింది. కెజయా తల ఎత్తింది.

“ఏ మాటలు?”

“చర్చి ఉజ్జీవ కూటంలో నేను చెప్పిన సాక్ష్యం. మీ అమ్మగారికి చదివి వినిపించడానికి రాసిమ్మన్నారే, అదే. అవి ఓరిన్‌వి.”

వంటింటి పక్కగదిలోంచి మంచం పట్టిన తల్లి దగ్గు వినిపించింది. కెజయా లేచి తలుపు దగ్గరగా వేసి వచ్చింది. అసాహెల్ చేతిలో టోపీ నలుపుతూ నిలబడే ఉన్నాడు. కూర్చోవడానికి ముఖం చెల్లలేదు.

“మొదట్నుంచీ చెప్పండి” అంది.

చెప్పాడు.

1831 ఫిబ్రవరి. అమెరికాలోని వెర్మాంట్ కొండల్లో అసాహెల్ చదివే చిన్న కాలేజీలో నలభై మంది కుర్రాళ్ళు. పొద్దున్నే ప్రార్థన, ఆ తర్వాత గ్రీకు, లాటిన్, సాయంత్రం కట్టెలు కొట్టుకోవడం. ఆ నెలలో ఊరంతా మారుమనసు గాలి వీచింది. రోజుకొకడు కూటంలో లేచి, దేవుడు తన మనసెలా మార్చాడో ఏడుస్తూ సాక్ష్యం చెబుతున్నాడు. అసాహెల్ ఎంత మోకరించినా గుండె మొద్దులా ఉండిపోయింది. అంతకు ముందు నెలలోనే కెజయా అతనితో తెగేసి చెప్పింది. ఆమె తండ్రి సంఘపెద్ద. “దేవుడికి లొంగని మనిషికి నాన్న నన్నివ్వరు. ఇచ్చినా నేను చేసుకోను” అంది.

అతనూ ఓరిన్ ఒకే గదిలో ఉండేవాళ్ళు. ఇద్దరికీ కలిపి ఒకటే గ్రీకు నిఘంటువు. ఒకరోజు దాని పేజీల మధ్య ఓరిన్ దస్తూరీతో ఒక కాగితం కనపడింది. నరకభయంతో నిద్రపట్టక తెల్లవారుతుండగా బయటికి వెళ్ళాడట. గడ్డకట్టిన చెరువు – అది కొట్టేసి ‘ఏరు’ అని దిద్ది ఉంది – గడ్డకట్టిన ఏటి మీద మోకరించాడట. మంచు కింద నీళ్ళు పారుతున్న చప్పుడు వినపడిందట. ‘పైన రాయిలా ఉన్నా అడుగున పారుతూనే ఉన్నావు ప్రభువా’ అని ఏడ్చాడట.

అసాహెల్ ఆ కాగితాన్ని మూడుసార్లు చదివాడు. నోటికి వచ్చేసింది. మర్నాడు కూటంలో లేచి నిలబడి తనకే జరిగినట్టు చెప్పేశాడు.

ఆడవాళ్ళు వెక్కి వెక్కి ఏడ్చారు. కెజయా తండ్రి కావలించుకున్నాడు. అది విని మరో ఇద్దరు కుర్రాళ్ళు అక్కడికక్కడే మోకరించారు. అసాహెల్ కూర్చోబోతూ వెనక్కి తిరిగాడు. వెనక బల్ల మీద ఓరిన్ ముఖం సున్నంలా పాలిపోయి ఉంది. ఒక్కసారి చూసి తల దించుకున్నాడు.

ఓరిన్ ఏమీ అడగలేదు. మూడు వారాలకి పెట్టె సర్దుకున్నాడు. “చదువు నాకెక్కడం లేదురా” అన్నాడు. తరగతిలో మొదటివాడు అతనే.

“తర్వాత వసంతంలో మీరు నాకు మాటిచ్చారు” అని ముగించాడు అసాహెల్. “అప్పట్నుంచీ ఎవరు ప్రార్థన చేయమన్నా నాలుక పిడచకట్టుకుపోతోంది. మీ అమ్మగారు ఆ ముక్కలు పట్టుకుని కన్నుమూస్తే నేనిక బతకలేను.”

కెజయా కత్తి బల్ల మీద పెట్టేసింది.

“ఆ మాటలు విని మాటిచ్చాను” అంది. “ఆ మాటలు ఓరిన్‌వైతే, మరి నేను మాటిచ్చింది ఎవరికి?”

ఆమె వీధి తలుపు తీసింది.

“నాతో కాదు, ముందు అతనితో చెప్పుకోండి. తర్వాత సంగతి తర్వాత.”

*

పద్నాలుగు మైళ్ళు నడిచాడు అసాహెల్. దారిలో ఒక బండివాడు ఎక్కమన్నా ఎక్కలేదు.

ఓరిన్ తండ్రికి తోళ్ళు పదును చేసే కొట్టం ఉంది. ఓరిన్ తొట్టి దగ్గర వంగి ఉన్నాడు. చేతులు మోచేతుల దాకా చెట్టుబెరడు నీళ్ళు పట్టి గోధుమ రంగుకి తిరిగాయి. గ్రీకు పద్యాలు అలవోకగా చదివిన మనిషి!

“అరె, అసాహెల్! ఇంత దూరం నడిచొచ్చావా? కూర్చో, మజ్జిగ తెస్తాను.”

“వద్దురా. ముందు నేను చెప్పేది విను.” అసాహెల్ టోపీ తీశాడు. “నీ కాగితం నేనే దొంగిలించాను. నీ సాక్ష్యం నేను చెప్పేశాక, నువ్వు నోరు తెరిస్తే నన్ను చూసి చెప్పావనేవాళ్ళు. నీకు దేవుడిచ్చినదాన్ని నీ నోట్లోంచి లాక్కున్నాను. అందుకే కదూ కాలేజీ వదిలేశావు?”

ఓరిన్ చేతులు కడుక్కోవడం మొదలుపెట్టాడు.

“తిట్టరా! కనీసం కొట్టు!”

“కెజయాకి తెలుసా?”

“చెప్పేశాను. ఆ మాటలు నీవైతే తను మాటిచ్చింది ఎవరికి అంది. న్యాయంగా ఆమె నీది. ఆదివారం సంఘం ముందు ఒప్పుకుంటాను. నువ్వు కాలేజీకి తిరిగి రారా, బోధకుడు కావలసింది నువ్వే.”

ఓరిన్ ఇంకా చేతులు కడుగుతూనే ఉన్నాడు. ఎంత రుద్దినా ఆ రంగు వదలడం లేదు. చివరికి బెరడు కుప్ప మీద కూలబడ్డాడు.

“ఆ రోజు కెజయా వాళ్ళ నాన్న నిన్ను కావలించుకుని ఏడుస్తుంటే చూశాను. ఆ కుర్రాళ్ళు మోకరించడం చూశాను. ఇక ఆ ఊళ్ళో తలెత్తుకోలేకపోయాను.”

“నువ్వెందుకురా తల దించుకోవడం? తప్పు నాది కదా!”

ఓరిన్ ముఖం చేతుల్లో దాచుకున్నాడు. 

“ఆ ఏటి కథంతా కెజయా నాకు దక్కాలని నేను కల్పించిందేరా.”